ఫారంలోకి రాని కూలి

వరహాలరావు మాస్టారు ముప్పయ్యేళ్ళు జాతీయ కుటుంబ సర్వేలో పనిచేసి రిటైరైన మనిషి. ఎవరైనా ఒక అంకె చూపించి సరిగ్గా ఉందా అని అడిగితే ఆయన అంకె చూడరు. అది రాసినప్పుడు ఆ ఇంట్లో ఎవరెవరున్నారని అడుగుతారు.

ఆయన దగ్గర గణాంకశాస్త్రం నేర్చుకుని, ఇప్పుడు సర్వే ఆఫీసులో పనిచేస్తున్న కుసుమ ఒకరోజు ఒక పట్టిక పట్టుకొచ్చింది. ఉద్దానం వైపు జీడిపప్పు ఫ్యాక్టరీలున్న తమ పట్టణంలో పెద్ద జీతాలకీ చిన్న కూలి డబ్బులకీ మధ్య తేడా పదేళ్ళలో సగానికి తగ్గిందని సర్వే చెబుతోంది. అదే నిజమైతే, జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళకి ఇప్పట్లో కూలి పెంచనక్కరలేదని కూలి రేట్లు నిర్ణయించే కమిటీ తేల్చేస్తుంది. నివేదిక మీద సంతకం పెట్టాల్సింది కుసుమ.

"కూడికలన్నీ మూడుసార్లు చూశాను మాస్టారూ. తప్పు లేదు. అయినా మనసొప్పడం లేదు. ఇది నమ్మొచ్చా?"

"రేపు మీవాళ్ళు మళ్ళీ సర్వేకి వెళ్తున్నారు కదా. మనమూ వెళ్దాం" అన్నారాయన.

మొదటిది ఒక ఫ్యాక్టరీ మేనేజరు ఇల్లు. ఆయన గేటు సగమే తీసి, "ఇది ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళకి వెళ్తుందా?" అని రెండుసార్లు అడిగి, చివరికి జీతం పద్దెనిమిది వేలన్నాడు. ఆయన వెనక నిలబెట్టిన కొత్త కారు మీద కుంకుమ బొట్లు ఇంకా తడిగానే ఉన్నాయి. సర్వే ఉద్యోగి పద్దెనిమిది వేలే రాసుకున్నాడు.

రెండోది డిల్లేసు అనే తాపీమేస్త్రీ ఇల్లు. "నాకు రోజుకి ఏడొందలు. మా ఆడమనిషికి పనేటీ నేదు, ఇంటికాడే ఉంటాది" అన్నాడతను గుమ్మంలో నిలబడే. అతని భార్య దమయంతి పేరుకెదురుగా ఉద్యోగి 'ఇంటిపని' అని రాశాడు. మాస్టారు మంచినీళ్ళు అడిగారు. గ్లాసు అందించిన ఆమె వేళ్ళు నల్లబడి, చర్మం పొరలు పొరలుగా లేచిపోయి ఉంది. జీడిపిక్కల్లోంచి కారే నూనె తగిలితే చర్మం అలాగే అవుతుంది. ఆ ఊళ్ళో ఎవరికైనా తెలుస్తుంది.

"పిక్కలు కొట్టబట్టి ఎన్నేళ్ళయిందమ్మా?"

ఆమె మొగుడి వైపు చూసింది. అతను తల తిప్పుకున్నాడు.

"పద్నాలుగేళ్ళు బాబూ. పొద్దుగూకేదాకా కొట్టినా రెండొందలు రావు." అంటూనే కుసుమ పక్కనున్న ఉద్యోగి కలం కదలడం చూసి కంగారుపడింది. "రాయకండమ్మా! నాకూ సంపాదనుందంటే బియ్యం కారడు తీసేత్తారు."

"ఈ కాగితం కార్డులిచ్చే ఆఫీసుకి వెళ్ళదమ్మా" అంది కుసుమ.

"ఇదివరకొచ్చినోలూ అదే అన్నారు. తరవాత పక్కింటోలి కారడు పోనాది" అన్నాడు డిల్లేసు. సర్వే వల్లే పోయిందో, మరెందుకు పోయిందో అతనికీ తెలియదు. తెలియకపోవడం వల్లే ఆ భయం పోయేలా లేదు. కుసుమ ఉద్యోగిని రాయవద్దని ఆపింది.

సంపాదన పై వాళ్ళూ కింది వాళ్ళూ కూడా దాస్తున్నారనీ, పెద్ద జీతాలు తక్కువగా నమోదై, చిన్న కూలి లెక్కలోకే రాక తేడా తగ్గినట్టు కనిపిస్తోందనీ, కూలి నిర్ణయానికి ఈ అంకెని వాడకూడదనీ ఆమె నివేదికలో రాసింది. కమిటీలో ఒక అధికారి కళ్ళజోడు తీసి అడిగాడు: "ఎవరు దాచారు? పేర్లూ ఇంటి నంబర్లూ ఇవ్వండి." కుసుమ ఇవ్వనంది. ఆధారం లేని అనుమానమని ఆయన అందరి ముందూ విసుక్కున్నాడు. ఆడవాళ్ళ కూలి పెరగలేదు. పెంచనక్కరలేదన్న తీర్మానం మాత్రం, ఆమె నివేదిక అందుకు ఒప్పుకోకపోవడంతో, వాయిదా పడింది.

ఆమె నేరుగా మాస్టారింటికి వచ్చింది. "దమయంతి పేరొక్కటి చెప్పి ఉంటే నమ్మేవాళ్ళు మాస్టారూ."

"చెప్పలేదుగా?"

"లేదు."

"అయితే రెండు నెలలు పోనీ. ఆవిడ కార్డు ఆవిడ దగ్గరే ఉంటుంది, మనం చెప్పింది నిజమేనని తెలుస్తుంది. అప్పుడు మళ్ళీ వెళ్దాం" అన్నారు మాస్టారు. "ఈసారి మనల్ని కూర్చోమంటుందేమో."