చిందులేరు వేసుకున్న పాతర

ఒకప్పుడు చిందులేరు అనే ఏరు కొండ మీద పుట్టి, కొండ దిగి, మైదానంలో కూడా నేలమీదే పారేది. దానికి ఎంత టెక్కంటే, దారిలో అడ్డొచ్చిన ప్రతి బండనూ ఒకసారి చరిచి గానీ ముందుకు పోయేది కాదు.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. సూర్యుడికి దాహం పట్టుకుంది. పొద్దున లేస్తూనే ఏటికి మూతి ఆనించి గటగటా తాగేవాడు. నిండుగా పారే ఏరు వారం తిరిగేసరికి మొలతాడంత సన్నబడింది. ఇంకో నాలుగు రోజులు తాగితే అదీ ఉండదు. ఏరు లేకపోతే ఒడ్డున ఊరూ ఉండదు. జనం అప్పుడే బండ్లకు సామాన్లు ఎక్కిస్తున్నారు.

ఈరమ్మ ఒక్కతే కదల్లేదు. ఒడ్డు పక్క దొడ్లో గొయ్యి తవ్వి, లోపల చుట్టూ చొప్ప పేర్చి, పోయినేటి జొన్నలు అందులో పోస్తోంది.

"ఏమే ఈరమ్మా, మతి పోయిందా? తిండిగింజలు మట్టిలో పోస్తున్నావు!" అంది ఏరు.

"మతి ఉండే పోస్తున్నా. దీన్ని పాతర అంటారు. పైన ఉంచితే ఎలుక తింటుంది, పురుగు తింటుంది. కింద దాస్తే గింజ గింజలాగే ఉంటుంది. నీలాగా అందరి కళ్లముందూ కులుకుతూ తిరిగితే ఎవడైనా తాగేసిపోడూ?"

ఏటికి కోపం రాలేదు, ఆశ పుట్టింది. "అక్కా, నాకూ ఒక పాతర తవ్వి పెట్టవూ?"

"నీకు సరిపడే పాతర నా పారతో అయ్యేదేనా? పోయి కొండతాతను అడుగు."

ఏరు కొండ పాదాల దగ్గర ఆగింది. "తాతా, నన్ను నీ కడుపులో దాచుకోవా?"

"నా కడుపంతా సున్నపురాయి. చోటు లేదు, పో" అన్నాడు కొండతాత.

"చోటు నేను చేసుకుంటాను. నువ్వు కదలకుండా ఉంటే చాలు."

"కదలకుండా ఉండటమా? నాకు చేతనైంది అదొక్కటే!"

ఏరు ఒక సన్నటి సందు చూసుకుంది. నాకింది, రుద్దింది, కరిగించింది. "ఓసి నీ చక్కిలిగిలి!" అని తాత ఒకటే నవ్వు. సందు బిలమైంది. బిలం గుహ అయింది. ఏరు బుడబుడమంటూ లోపలికి దిగి, పాత దారి ఇసుక అడుగునే పారసాగింది.

మర్నాడు సూర్యుడు వచ్చి చూస్తే ఒట్టి ఇసుక!

"ఏరేదీ?" అని ఈరమ్మ మీద మండిపడ్డాడు.

"నన్నడుగుతావేం స్వామీ? నిన్నటిదాకా తాగింది నువ్వేగా!"

సూర్యుడు ఎర్రగా చూస్తూ పైకి ఎక్కిపోయాడు.

పొరుగింటి బీరప్ప మాత్రం నెత్తి బాదుకున్నాడు. "నీ సలహా పాడుగాను! ఉన్న కాస్త ఏరూ పోయింది. ఇప్పుడేం తాగి చావాలి?"

"పాతర వేసేది పూడ్చి మరిచిపోవడానికా బీరప్పా, తీసుకుని తినడానికా?" అంటూ ఈరమ్మ పార అందుకుంది.

ఇసుకలో మోకాలి లోతు తవ్వింది. పొడి. నడుం లోతు తవ్వింది. చెమ్మ. ఇంకాస్త తవ్వేసరికి పార కిందనుంచి గొంతు వినిపించింది.

"ఎవరది? సూర్యుడా?"

"నేనే, ఈరమ్మను."

"వాడున్నాడా?"

"నడినెత్తిన ఉన్నాడు. నువ్వంతా రావద్దు. కడవెడు రా, చాలు."

సరిగ్గా కడవెడే వచ్చింది. గుండెలు జివ్వుమనేంత చల్లగా ఉంది. బీరప్ప తాగాడు, మూతి తుడుచుకున్నాడు, బండి విప్పి సామాన్లు దించాడు.

అప్పటినుంచే చిందులేరు కొండ దిగీ దిగగానే బండల సందులో దూరి మాయమవుతుంది. పైన చూస్తే ఇసుకే. ఎంత మండువేసవిలోనైనా నడుం వంచి తవ్వినవాళ్లకు మాత్రం కడవ తరవాత కడవ ఇస్తూనే ఉంటుంది. సూర్యుడు రోజూ ఆ దారి పొడుగునా వెతుకుతాడు. ఈనాటికీ వాడికి దొరకలేదు.