గంజి తాగిన అత్తరు వర్తకుడు

‘వచ్చే ఏడు చూద్దాంలే’ అనుకునే పెద్దమనిషీ, నిన్నే! మొహం పక్కకు తిప్పుకోకు. బాట గుంతలు పడిందని, కాలువలో నీళ్లు రావడం లేదని అరుగు మీద కూర్చుని గంటసేపు తిడతావు. నీ సంపాదన ఎంతో చెప్పవయ్యా అంటే మాత్రం నోరు పెగలదు. ఏడేళ్లు అలా నోరు మెదపనివాడి సంగతి చెబుతాను, సరిగ్గా కూర్చుని విను.

సముద్రపు ఒడ్డున మణిగిరి అనే రాజ్యం. దాన్ని విజయమల్లుడు ఏలేవాడు. అక్కడ ఒక ఆచారం ఉండేది. ఏటా కొత్త సంవత్సరం రాగానే సంపాదనపరులందరూ సభకు వచ్చి, చేతిలో తమలపాకు పట్టుకుని, "నిరుడు నాకింత వచ్చింది" అని పదిమంది ముందు చెప్పాలి. అందులో ఆరో వంతు కోటకు కట్టాలి. ఆకు పట్టుకుని సభలో అన్న మాటకు తిరుగులేదు. చెప్పడానికి రానివాడికి ఆ ఏడు ఏమీ రాలేదని అర్థం.

అత్తరు వర్తకుడు గవరయ్య ఏడేళ్లుగా సంపాదన చెప్పడానికి సభ గడప తొక్కలేదు. మేడ మీద మేడ కట్టాడు, పల్లకీకి వెండి తొడుగు వేయించాడు. ఎవరైనా అడిగితే, "ఏమీ రానిదే ఏం చెప్పను?" అనేవాడు.

ఒకనాడు రాజు తన ఆస్థానంలోని చమత్కారి విద్దనను పిలిచాడు.

"విద్దనా, గవరయ్య ఇల్లు సోదా చెయ్యకూడదు. కొరడా తియ్యకూడదు. అతని సంపాదన అతని నోటితోనే చెప్పించాలి. ఈ ఏడు సరుకుతో రేవుకొచ్చే ఓడలు తిరిగి వెళ్లిపోయేలోగా చెప్పించావా, నీకు గ్రామం ఇస్తాను. లేదా, ఏనుగుల సాలలో పేడ ఎత్తే పని ఇస్తాను."

"చిత్తం ప్రభూ" అన్నాడు విద్దన.

మర్నాడు పొద్దున్నే గవరయ్య మేడ ముందు సత్రం బండి ఆగింది. బండిలో గంజి కుండ. పక్కన డప్పు. వీధి వీధంతా గుమిగూడింది.

"గవరయ్యగారూ, మమ్మల్ని క్షమించాలి" అన్నాడు విద్దన చేతులు జోడించి. "ఏడేళ్లుగా మీకు చిల్లిగవ్వ రాలేదు. ఏం తిని బతికారో ఏమో! దిక్కులేనివారికి సత్రంలో గంజి పొయ్యడం కోట ధర్మం. ఇన్నాళ్లూ మిమ్మల్ని మరిచిపోయాం."

సిగ్గుతో చచ్చి నిజం కక్కేస్తాడని విద్దన ఆశ. గవరయ్య దర్జాగా మెట్లు దిగి, గిన్నె అందుకుని, గుటగుటా తాగి మూతి తుడుచుకున్నాడు.

"ఉప్పు తక్కువైంది నాయనా. రేపట్నుంచి ఊరగాయ కూడా పట్రా."

వీధంతా ఘొల్లుమంది, గవరయ్యను చూసి కాదు, విద్దనను చూసి.

మర్నాడు విద్దన బీదలకిచ్చే గొంగడి తెచ్చాడు. గవరయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నా కాపలావాడికి చలికాలం గడిచిపోతుంది. ఇంకోటి ఉందా?" అన్నాడు. ఆ రోజు నుంచి గంజి బండి రోజూ వస్తూనే ఉంది, గవరయ్య తాగుతూనే ఉన్నాడు.

"ఏమయ్యా, ఏనుగులు నీ కోసం ఎదురుచూస్తున్నాయట" అన్నాడు రాజు.

"ఓడ రానివ్వండి ప్రభూ" అన్నాడు విద్దన. నిద్ర లేక అతని కళ్లు గుంటలు పడ్డాయి.

ఓడ వచ్చింది. నాగప్ప అనే దూరదేశపు వర్తకుడు గంధపు నూనె దించాడు. ఆ సరుకు అరువు మీద దక్కిందంటే ఏడాది పొడుగునా ఊళ్లో అత్తరంతా గవరయ్యదే. అరువు బేరాలు రాజు ఎదుట కుదరాలి కాబట్టి ఇద్దరూ సభకు వచ్చారు. విద్దన ఎదురెళ్లి ఇద్దరి చేతుల్లో తాంబూలం పెట్టి, "దయచేయండి" అన్నాడు.

నాగప్ప బేరం మొదలుపెట్టబోతుంటే విద్దన దగ్గాడు.

"అయ్యా, మీరు మా ఊరికి అతిథులు. మోసపోతే మాకు మచ్చ. గవరయ్యగారు సత్రం గంజి తాగే మనిషి. పాపం, ఏడేళ్లుగా ఒక్క కాసు కూడా రాలేదు."

నాగప్ప ఉలిక్కిపడ్డాడు. "నిజమా? నేను రేవులో విన్న మాట వేరే!"

"వీధిలో ఎవరినైనా అడగండి. నిన్న కూడా గిన్నె నాకారు."

నాగప్ప సంచీ సర్దుకుని లేవబోయాడు. గంధపు నూనె చేజారిపోతోంది. గవరయ్య మొహం కందగడ్డలా అయింది.

"కూర్చోండి నాగప్పగారూ! ఎవడండీ బీదవాడు? ఈ ఏడేళ్లలో నలభై వేల వరహాలకు తక్కువ వచ్చిన ఏడు ఒక్కటి చూపించమనండి! గంజి తాగింది ఈ విద్దన గాణ్ణి ఏడిపించడానికి!"

అంటూ విసురుగా చెయ్యెత్తాడు. ఆ చేతిలో తాంబూలం అలాగే ఉంది.

విద్దన వంగి నమస్కరించాడు.

"ఏడేళ్ల సంపాదనా ఆకు పట్టుకుని సభలో చెప్పారు. చిత్తగించండి ప్రభూ!"

గవరయ్య తన చేతి వంక చూసుకుని, నిప్పు ముట్టుకున్నట్టు ఆకు జారవిడిచాడు. రాజు సింహాసనం మీదే పొట్ట పట్టుకుని నవ్వాడు. వింజామరలు వీచేవాళ్లు సైతం వీచడం మరిచిపోయి నవ్వారు. విద్దనకు గ్రామం రాసిచ్చారు.

గవరయ్యకు ఏడేళ్ల ఆరో వంతులూ, దాచినందుకు జరిమానాగా మరో అంత సొమ్మూ కట్టమన్నారు. ఇక పల్లకీ వెండి తొడుగు ఊడక తప్పదు, మేడ మీది మేడ అమ్మక తప్పదు. అదంతా కట్టడానికి ఒప్పుకుని, "సరే, నేను బీదవాణ్ణి కానని తేలిందిగా! నూనె ఇప్పించండి" అన్నాడు నాగప్పతో.

"మీ రాజుకే ఏడేళ్లు అబద్ధం ఆడారు. పరాయి దేశంవాణ్ణి, నేనెంత?" అన్నాడు నాగప్ప.

ఆ సాయంత్రం గంధపు నూనె పీపాలన్నీ దొర్లుకుంటూ గవరయ్య గుమ్మం దాటిపోయి, ఏటేటా సభకు వచ్చి తన కొద్దిపాటి సంపాదన చెప్పుకునే చిన్న వర్తకుడు ఓబయ్య కొట్టు ముందు ఆగాయి.