చెప్పుల వరసలో ఆఫీసరు

మా ఊళ్ళో ఫోన్ చెయ్యాలంటే కొండెక్కాల్సిన రోజులవి. పాము కరిచినా, పురుడొచ్చినా పైనున్న బండ దగ్గరికే పరుగు, సిగ్నల్ అక్కడే అందేది కాబట్టి. మామూలు రోజుల్లో చెప్పులు వరసగా విడిచి, మా వంతు వచ్చేదాకా పక్కవాళ్ళ కబుర్లు వింటూ కూర్చునేవాళ్ళం.

ఒకరోజు విశ్వంభరం అనే ఆఫీసరు ల్యాప్‌టాప్‌తో దిగాడు. ఊరికి టవరు కావాలో వద్దో తేల్చడం అతని పని. పంచాయతీ ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని, ఊరు చూడకుండానే రిపోర్టు రాసేశాడు. దాన్ని ఐదింటికల్లా పంపాలి. డాంగిల్ గుచ్చాడు, తీశాడు, మళ్ళీ గుచ్చాడు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది.

మేకలు తోలుకెళ్తున్న ఎర్రక్కను పిలిచాడు. "ఏమ్మా, ఐదింటికల్లా టవరు రిపోర్టు పంపాలి. ఇక్కడ నెట్ ఎక్కడొస్తుంది?"

"కొండ మీద బాబూ. ఇంతకీ ఆ కాయితంలో ఏం రాశారు?"

"ఈ ఊళ్ళో సిగ్నల్‌కి లోటు లేదు, టవరు అక్కర్లేదని."

"అయితే కొండెందుకు? రాసింది నిజమైతే ఇక్కణ్ణించే పోతుంది. పోలేదంటే రాసింది తప్పు. తప్పు కాయితానికి దారి చూపిస్తే ఊరు నన్నేమంటుంది బాబూ?"

ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. నాలుగు దాటింది. గొణుక్కుంటూ రిపోర్టు తిరగరాసి, ఆమెకు చదివి వినిపించి, మేకల వెనకే కొండెక్కి, బూట్లు వరస చివర విడిచాడు.

ఏడాదికి టవరొచ్చింది. ఇప్పుడు పడగ్గదిలోనూ సిగ్నలే. బండ దగ్గర చెప్పులు లేవు. పక్కింట్లో ఏం జరిగిందో తెలియాలంటే ఫోన్ చెయ్యాల్సి వస్తోంది.