వాగు గట్టున ఊబి బోర్డు

ఎండలు ముదిరేసరికి పెద్దవాగులో నీళ్లు తగ్గి, ఎడమ పక్కంతా ఊబి పడింది. అవతలి అడవుల నుంచి దాహంతో వచ్చే మందలకు ఆ సంగతి తెలియదు. "ఇక్కడొక బోర్డు పెట్టండర్రా," అని ఏనుగు పెద్దయ్య చెప్పాడు. పలక చెక్కే పని వడ్రంగిపిట్ట ముత్యాలుకి, రాసే పని నెమలి నీలాంబరానికి అప్పజెప్పారు.

నీలాంబరం మూడు రోజులు రాశాడు. ఒక్కో అక్షరానికి పింఛం లాంటి తోక, చుట్టూ పూలతీగలు, పైన జంట చిలకలు. అడవంతా ఆహా అంది. ముత్యాలు మాత్రం తల అటూ ఇటూ వాల్చి చూసింది.

"బావుందయ్యా. ఊబి అన్న మాట ఎక్కడుంది?"

"చెక్క కొట్టుకునేదానివి, కళ నీకేం తెలుస్తుందే?" అని నీలాంబరం మెడ ఎగరేశాడు.

ముత్యాలుకి మనసు చివుక్కుమంది. తన ముక్కుతో నున్నగా చదును చేసిన పలక అది.

మర్నాడే లచ్చి అనే గేదె వచ్చింది. "ఎవరిదో పెళ్లిలా ఉందే!" అని మురిసిపోతూ నేరుగా ఊబిలోకి నడిచింది. పొట్ట దాకా దిగబడ్డాక పెద్దయ్య తొండం వేసి లాగితే గానీ బయటపడలేదు.

"దానికి చదువు రాదు," అన్నాడు నీలాంబరం.

"అయితే మీరే చెప్పండి," అంది ముత్యాలు, అందరూ వింటుండగా. "ఆ ఒడ్డున నిలబడి, ఊబి ఎక్కడుందో చదవండి."

నీలాంబరం అవతలికి ఎగిరి, మెడ చాచి చాచి చూశాడు. "అదిగో, రెండో వరసలో, ఊ!"

"అది మీరు వేసిన తీగ మెలికండీ!"

ఒళ్లంతా బురదతో ఉన్న లచ్చి కూడా పగలబడి నవ్వింది.

ముత్యాలు తీగలూ చిలకలూ గీకేసి, "ఊబి" అని లావుగా చెక్కింది. కింద, "కుడి పక్క రాళ్ల మీద నడవండి." తీరా దూరం నుంచి చూస్తే ఒట్టి చెక్క చెట్లలో కలిసిపోయి, కంటికి ఆనలేదు. అది తనకే నచ్చలేదు. నీలాంబరం దగ్గరికే వెళ్లి, "మీ మోదుగుపూల రంగు కావాలి. ఆ రెండక్షరాలకే," అంది. అతను గొణుక్కుంటూనే ఇచ్చాడు.

సాయంత్రం దుప్పుల మంద దుమ్ము రేపుకుంటూ వచ్చింది. ఎర్రటి అక్షరాలు కంటపడగానే ముందున్న దుప్పి ఠక్కున ఆగింది. చదివింది. కుడికి తిరిగింది. ఒక్క గిట్ట కూడా తడబడలేదు. కొమ్మ మీద ముత్యాలు రొమ్ము విరుచుకుంది.

"నా రంగు చూసే ఆగాయి," అన్నాడు నీలాంబరం.

"ఆగింది మీ రంగు చూసే అయ్యా. బతికింది మాట చదివి."



రాతలోని సొగసు చూపును పిలవాలి గానీ, చెప్పే మాటను కప్పేయకూడదు.