వేళ్లు కాల్చే గ్లాసులు

అనగనగా ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ, దానికి రాజులాంటి యజమాని చక్రధరరావు. ఆయన సొంతంగా చేయించిన ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టిన ఫోన్లు కొనే నాథుడే లేడు. రోడ్డుకి అవతల ఉన్న పోటీ కంపెనీ సిస్టమ్ పెట్టుకుని, అందులో మన యాప్‌లు ఇద్దామని ఎవరన్నా అంటే, "నా పరువేం కాను?" అని ఇంతెత్తున లేచేవాడు.

కంపెనీ మూతపడితే తన పొయ్యి ఆరిపోతుందని క్యాంటీన్ వంటమనిషి నాంచారమ్మ బెంగ. అక్కడి గ్లాసులు కూడా ఆయన ముచ్చటపడి చేయించినవే. కంపెనీ ముద్ర వేసిన ఆ రాగి గ్లాసులు పట్టుకుంటే వేళ్లు కాలేవి. కాఫీ అంతా మిగిలిపోయేది.

ఓ రోజు అమ్ముడుపోని ఫోన్ల గురించి ఇంజనీర్లతో జరిగిన మీటింగులో ఆమె అందరికీ పింగాణీ కప్పుల్లో కాఫీ ఇచ్చింది. చక్రధరరావు లొట్టలేస్తూ తాగాడు.

"ఇన్నాళ్లూ ఈ కాఫీ ఎక్కడ దాచావమ్మా?"

"రోజూ పెట్టేదే బాబూ. కప్పులే అవతలి కంపెనీ క్యాంటీన్‌లో అడిగి తెచ్చాను. మీరు మెచ్చుకున్నది మన కాఫీనే కదా!"

ఆయన కప్పు ఎత్తి చూశాడు. అడుగున పోటీవాడి ముద్ర. నాంచారమ్మ ఆ కప్పు తీసేయబోయింది.

"ఇంకాస్త పొయ్యమ్మా," అంటూ ఆయన అదే కప్పు చాపాడు. ఆమె నిండా పోసింది.

ఆయన ఇంజనీర్లవైపు తిరిగాడు. "చూస్తారేమయ్యా? మీరూ కప్పులు మార్చండి."