రాజుగారి లారీకి చెప్పు చక్రం

మేడికొండ రాజుగారికి ఆ ఏడాది లారీ పిచ్చి పట్టింది. లారీ అంటే నిజం లారీ కాదు, పిల్లి అంత ఉండే రిమోటు లారీ. పొరుగున ఉన్న పూలవలస రాజు కానుకగా పంపాడు. రాజుగారు సింహాసనం మీద కూర్చుని మీట నొక్కితే అది సభంతా తిరిగేది. మంత్రులు కాళ్లు పైకెత్తుకుని కూర్చునేవారు.

ఒకరోజు రాజుగారు దాన్ని తిన్నగా తీసుకెళ్లి స్తంభానికి కొట్టారు. తప్పు స్తంభానిదేనని సభ ఏకగ్రీవంగా తేల్చింది. కానీ ఇరుసు విరిగింది, ఒక చక్రం చితికింది, లోపలి పళ్లచక్రానికి పళ్లు రాలాయి.

ఆ సాయంత్రమే పూలవలస రాజు విందుకు వస్తున్నాడు.

"నా కానుకను ఇలాగా చూసుకునేది అంటాడు. అలిగి వెళ్లిపోతాడు. సాయంత్రానికి ఇది నడవాలి. ఆయనకు తాంబూలం దీని మీదే పంపాలి," అన్నారు రాజుగారు.

ఆస్థాన యంత్రాచార్యుడు వీరభూషణం మీసం దువ్వుకున్నాడు. గడియారం ఆగినా, తూము పూడినా ఆయన్నే పిలిచేవారు. ఆయన వచ్చి, తల పంకించి, వెళ్లిపోయేవాడు.

"విదేశీ సరుకు ప్రభూ. భాగాలు ఓడ మీద రావాలి. వచ్చే వానాకాలానికి చూద్దాం."

విదూషకుడు సూరప్ప ఉండబట్టలేక కిసుక్కున నవ్వాడు.

"ఏం, నువ్వు చేస్తావా?" అన్నారు రాజుగారు.

"చేస్తాను ప్రభూ," అనేశాడు సూరప్ప. అన్నాక గాని తానేమన్నాడో తెలిసిరాలేదు.

"చేయలేకపోతే గుండు కొట్టించి ఊరేగిద్దాం," అన్నాడు వీరభూషణం. రాజుగారికి ఊరేగింపులంటే సరదా. సరేనన్నారు.

సూరప్ప విరిగిన గొడుగు చువ్వతో ఇరుసు చేశాడు. రాజమాత పారేసిన హవాయి చెప్పు కోసి చక్రం చేశాడు. రాజముద్రలు వేసే లక్క కరిగించి పళ్లచక్రం మీద పోసి, సూదితో పళ్లు చెక్కాడు.

మీట నొక్కి చూశాడు. ముందుకు పోనిస్తే లక్క పళ్లు జారిపోతున్నాయి. వెనక్కి పోనిస్తే పట్టుకుంటున్నాయి. మళ్లీ పోశాడు. మళ్లీ అదే. బయట బాజాలు మొదలయ్యాయి. సూరప్ప తన జుట్టు ఒకసారి ప్రేమగా నిమురుకుని, లారీని చంకన పెట్టుకుని సభకు నడిచాడు.

దాన్ని సింహాసనం ముందు, రాజుగారి వైపు ముఖం పెట్టి నిలబెట్టాడు. పైన తాంబూలం పెట్టి మీట నొక్కాడు. లారీ వెనక్కి వెనక్కి నడుచుకుంటూ పోయి, వక్క కూడా జారకుండా ఎదురుగా కూర్చున్న పూలవలస రాజు కాళ్ల దగ్గర ఆగింది.

వీరభూషణం ఒక్క ఉదుటున వెళ్లి దాని మీదికి వంగాడు.

"వెనక్కి నడిచింది ప్రభూ. ఇదీ ఒక రిపేరేనా? మంగలికత్తి తెప్పించండి."

రాజుగారి ముఖం ముడుచుకుంది. "ఏమయ్యా సూరప్పా, వెనక్కి నడుస్తుందేం?"

సూరప్ప చేతులు కట్టుకున్నాడు.

"ప్రభువుల ఎదుట నుంచి వెళ్లేటప్పుడు వీపు చూపకూడదు కదా మహారాజా. లారీకి ఆ మర్యాద నేర్పాను. యంత్రాచార్యులవారికి నేర్పడానికే టైం చాల్లేదు."

అందరూ అటు చూశారు. వీరభూషణం ఇంకా లారీ మీదికి వంగే ఉన్నాడు. సింహాసనానికి కనబడుతున్నదల్లా ఆయన పంచె వెనకభాగమే.

ముందు పూలవలస రాజు నవ్వాడు. తర్వాత సభంతా పగలబడి నవ్వింది. రాజుగారు కళ్లు తుడుచుకుంటూ మెడలోని ముత్యాల దండ తీసి సూరప్ప మీదికి విసిరారు. వీరభూషణం నడుం లేపి, రాజుగారి వైపు తిరిగి, అడుగు అడుగు వెనక్కి వేసుకుంటూ గుమ్మం దాటాడు.