వెంట్రుక మందం ఖాళీ

"బిగిస్తే పగులుతోంది, వదిలేస్తే అదురుతోంది. మరి ఈ లెన్సును ఎలా పట్టుకోవాలి మాస్టారూ?" అని హైమవతి అడిగింది. కొండమీది పెద్ద టెలిస్కోపుకు అమర్చవలసిన స్పెక్ట్రోగ్రాఫును, అంటే నక్షత్రపు వెలుగును రంగులుగా విడదీసే యంత్రాన్ని, ఆమె ఆరేళ్లుగా రూపొందిస్తోంది. ఆ విద్య నేర్పిన మరియదాసు గారికి ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు.

యంత్రం విపరీతమైన చలిలో పనిచేయాలి. చలికి, లెన్సును పట్టి ఉంచే లోహపు కంకణం లెన్సుకన్నా ఎక్కువ ముడుచుకుంటుంది గనుక, రెండింటి మధ్య వెంట్రుక మందం ఖాళీ ఉండాలని ఆమే లెక్క కట్టింది, ఆమే గీసింది. తీరా బిగించేటప్పుడు, ఘాట్ రోడ్డు కుదుపులకు లెన్సు ఏమైపోతుందోనని భయపడి, ఆ ఖాళీలో పల్చటి రేకు దూర్చింది. కొండ ఎక్కేదాకా లెన్సు కదల్లేదు. గాలి తీసేసిన ఉక్కు పెట్టెలో దాన్ని చల్లబరుస్తున్న నాలుగు రోజులూ ఆమె పెట్టె పక్కనుంచి లేవలేదు. అయిదో రోజు దీపం వెలిగించి పరీక్షిస్తే, ఒక వెలుగు గీత పడవలసిన చోట రెండు గీతలు పడ్డాయి. పెట్టె తెరిచారు. లెన్సు ఈ అంచునుంచి ఆ అంచుదాకా చీలి ఉంది.

"గీసిందీ నువ్వే, నమ్మనిదీ నువ్వేనటమ్మా!" అన్నారు మరియదాసు గారు.

అలాంటి స్ఫటికపు లెన్సు ఇంకొక్కటే మిగిలింది. అదీ పోతే ఇక యంత్రం లేదు. కొండ కింది వర్క్‌షాపులో ఆయన దాన్ని రేకు లేకుండా కంకణంలో కూర్చి, ఆమె చెవి దగ్గర మెల్లగా కదిపారు. లోపల టిక్కుమంది. హైమవతి చెయ్యి తనకు తెలియకుండానే రేకుల డబ్బా మీదికి పోయింది. అది చూసుకుని ఆమె ఏడ్చింది.

ఆయన ఓదార్చలేదు. లెన్సును దూదిపెట్టెలో సర్ది, కొండమీదికి చేర్చమని జీపు డ్రైవరు సైదులు చేతికిచ్చారు.

"నేనూ వెళతాను మాస్టారూ."

"వద్దు. నువ్వు రేపు బస్సులో రా."

జీపు మలుపు తిరిగి కనబడకుండా పోయింది. ఆమె అడిగింది: "దారిలో పగిలితే నాకెలా తెలుస్తుంది?"

"తెలియదు," అన్నారాయన. "మొన్న పక్కనే కూర్చున్నావు గదా. ఆ నాలుగు రోజుల్లో ఏ రోజు పగిలింది?" అన్నారు.